సాలా తిట్టు, మచ్చాన్ స్నేహం: పిలుపుల వెనక ఉన్న చరిత్ర

హిందీలో సాలా అంటే భార్య సోదరుడు. తమిళంలో మచ్చాన్ అన్నా ఇంచుమించు అదే చుట్టరికం: భార్య అన్న, అక్క మొగుడు, మేనమామ కొడుకు, మేనత్త కొడుకు. కానీ ఢిల్లీ బస్సులో ముక్కూమొహం తెలియనివాణ్ణి సాలా అంటే గొడవ మొదలవుతుంది. చెన్నై టీకొట్టు దగ్గర మచ్చాన్ అంటే పక్కకు జరిగి చోటిస్తారు. మన బావా, బామ్మర్దీ కూడా ఈ రెండో రకమే. ఒకే చుట్టరికం ఒకచోట తిట్టు, ఇంకోచోట చనువు ఎలా అయింది?

జీఎస్ పేపర్ 1 సిలబస్‌లో భారతీయ సమాజం, వైవిధ్యం అని ఒక లైన్ ఉంటుంది. దాని కింద మనం భాషలు, మతాలు, పండగలు, వంటలు అని నోట్స్ రాసుకుని పేజీ తిప్పేస్తాం. రోజూ వందసార్లు వాడే పిలుపులు ఆ నోట్స్‌లోకి రావు. నా లెక్కలో పిలుపు కూడా శాసనం, నాణెం లాంటి ఆధారమే. పైగా ఒక తేడా ఉంది. శాసనంలో రాజు తాను చెప్పదలచుకున్నదే చెక్కిస్తాడు. పిలుపులో ఎవరు ఎవరికంటే కింద అన్నది, పిలిచేవాళ్లు అనుకోకుండానే బయటపడుతుంది.

పెళ్లి లెక్క

ముందు మన వరసలే చూద్దాం. అమ్మ తమ్ముడు మామ. పెళ్లయ్యాక అత్తింటి పెద్దమనిషి కూడా మామే. నాన్న చెల్లెలు అత్త, అత్తగారూ అత్తే. మేనత్త కొడుకు బావ, అక్క మొగుడూ బావే. కానీ పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు మాత్రం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఇంజినీరింగ్ చదివినందుకేమో, నాకిది రెండు సెట్ల లెక్కలా కనిపిస్తుంది. బంధువులంతా రెండు వైపులు: నాతో పుట్టినవాళ్ల వైపు, నాతో పెళ్లి కలిసేవాళ్ల వైపు. మన మాటలే ఆ గీత గీసేస్తాయి. ‘వాళ్లు మాకు వరస కాదు’ అంటే అర్థం ఇదే.

హిందీలో ఈ గీత లేదు. మామ కొడుకైనా, బువా కొడుకైనా, చాచా కొడుకైనా అందరూ భాయీలే. మామా వేరు, ససుర్ వేరు. బువా వేరు, సాస్ వేరు. పెళ్లి అనేది తెలిసిన చుట్టరికంలో కాకుండా బయట గోత్రంలో, చాలాచోట్ల బయట ఊళ్లో జరగాలన్న పద్ధతికి తగ్గట్టు ఏర్పడ్డ మాటలివి.

ఈ తేడాను ప్రపంచం ముందు పెట్టినవాడు లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికన్ న్యాయవాది. సెనెకా తెగ వాళ్ల వరసలు రాసుకుంటూ, తమిళుల వరసలు కూడా అదే నమూనాలో ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. 1871లో వచ్చిన ఆయన పుస్తకంలో తెలుగు, కన్నడ వరసల పట్టికలు కూడా ఉన్నాయి. తర్వాత 1953లో ఇరావతీ కర్వే దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విడదీసి చుట్టరికాలను వివరించారు. అదే ఏడాది లూయీ డ్యూమో ద్రావిడ వరసలన్నీ పెళ్లి సంబంధాన్ని చెప్పే మాటలేనని వాదించాడు. ఆంత్రపాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు ఈ పేర్లు తెలిసినవే. మిగతావాళ్లు కర్వే ఒక్కరినైనా చదవండి.

ఇప్పుడు సాలా దగ్గరికి వద్దాం. ఉత్తరాన పెద్ద కులాల్లో బలంగా నిలిచిన ఆలోచన ప్రకారం కన్యాదానం ఒకవైపే నడిచే దానం. ఇచ్చినవాడు ఎప్పటికీ ఇచ్చేవాడే, పుచ్చుకున్నవాడు ఎప్పటికీ పైవాడే. పిల్లనిచ్చిన ఇంటి నుంచి కానుకలు మోసుకొచ్చే పని పిల్ల అన్నదమ్ములది. అలాంటి చోట ఒకణ్ణి సాలా అంటే, నీ ఇంటి ఆడపిల్ల నా ఇంట్లో ఉంది, నువ్వు నాకంటే కింద అని చెప్పడం. ఎదుటివాణ్ణి తిట్టినట్టే ఉంటుంది కానీ, ఆ మాట వాడేది అక్కడ లేని అతని చెల్లెల్ని.

మేనరికం ఉన్నచోట ఈ లెక్క కుదరదు. ఈ తరంలో మా పిల్ల మీ ఇంటికొస్తే, వచ్చే తరంలో మీ పిల్ల మా ఇంటికి రావచ్చు. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ తారుమారవుతూ ఉంటే పైనా కిందా ఎక్కడ? అందుకే బావ, బామ్మర్దుల మధ్య వేళాకోళం నడుస్తుంది, పరాయివాణ్ణి దగ్గరికి తీసుకోవడానికి అదే మాట పనికొస్తుంది. కేరళ కుర్రాళ్ల అళియా, బెంగళూరు కుర్రాళ్ల మచ్చా, మన మామా అన్నీ ఈ కోవలోవే.

బావమరిది మీద ఈ చిన్నచూపు ఇవాళ్టిది కాదు. శూద్రకుడి మృచ్ఛకటికంలో విలన్ శకారుడు రాజుగారి బావమరిది వరస చెప్పుకుని ఊరేగే మూర్ఖుడు. కాళిదాసు శాకుంతలం ఆరో అంకంలో ఉంగరంతో దొరికిన జాలరిని పట్టుకొచ్చే నగర రక్షణాధికారి కూడా రాజు బావమరిదే. ఆ సన్నివేశంలో అతనికి శ్యాలుడు అనే ఉంటుంది. సాలా అన్న మాటకు మూలం ఆ శ్యాల శబ్దమే. ఈ సన్నివేశాన్ని పిలుపుల కోసం ఇంకోసారి చదవండి. మొదట జాలరి వాళ్లకు దొంగ. రాజు బహుమానం ఇచ్చాడని తెలిసి, అందులో సగం భటులకు దక్కగానే అదే అధికారి అతణ్ణి ప్రియమిత్రుడా అని పిలిచి కల్లు దుకాణానికి తీసుకెళ్తాడు. పోలీసు స్టేషన్ల గురించి కాళిదాసుకు మనం కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

ఇదంతా గీత గీసినట్టు ఉత్తరం, దక్షిణం అని రాసేయకండి. మహారాష్ట్రలో చాలా కులాల్లో మేనమామ కూతుర్ని చేసుకునే ఆచారం ఉంది. కర్వే మధ్య మండలం పెట్టింది అందుకే. ఉత్తరాన కూడా దగ్గరి స్నేహితుల మధ్య సాలా ముద్దుమాటే. మా రూమ్మేట్‌ది పట్నా. మాక్ టెస్టులో నాకు మార్కులు పెరిగినప్పుడల్లా సాలా అంటాడు, ప్రేమగానే. ఇక మన దక్షిణాది సమానత్వం గురించి గొప్పలు చెప్పుకునే ముందు మన పెళ్లిళ్లలో మగపెళ్లివారి ఎదురుకోళ్లు గుర్తు చేసుకోవడం మంచిది. వరకట్నం కోస్తా జిల్లాల నుంచి తెలంగాణ దాకా ఇచ్చేవాణ్ణి కింద కూర్చోబెట్టింది. 1961లో నిషేధ చట్టం వచ్చినా అది పోలేదు. మాటలో సమానత్వం మిగిలింది, పెళ్లి పందిట్లో తగ్గింది.

చట్టానికీ ఈ రెండు పద్ధతులతో తంటా వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 5 దగ్గరి చుట్టరికాల్లో పెళ్లి కూడదంటూనే, ఆచారం ఒప్పుకుంటే తప్ప అని మినహాయింపు పెట్టింది. మేనరికాలు చట్టబద్ధంగా నిలిచింది ఆ మినహాయింపు మీదే.

సముద్రం దాటిన మచ్చాన్

సింహళం ఇండో ఆర్యన్ భాష, హిందీకి దూరపు చుట్టం. అయినా సింహళుల వరసలు మనలాగే మేనరికం నమూనాలో ఉంటాయి. మేనబావకూ, బావమరిదికీ వాళ్లకు మస్సినా అనే ఒకే మాట ఉంది. దానికి తోడు తమిళం నుంచి మచ్చాన్ వచ్చి చేరింది. కొలంబోలో ఇద్దరు సింహళ స్నేహితులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నా మధ్యలో మచ్చాన్ దొర్లుతుంది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేసి తమిళాన్ని ఆఫీసుల నుంచి తోసేశారు. 1983 నుంచి 2009 దాకా యుద్ధం నడిచింది. ఆ ఏళ్లన్నిటిలోనూ తమిళ బావమరిది సింహళుల నోటిలోనే ఉన్నాడు. దీన్నుంచి జాతి సామరస్యం పాఠం తీయాలని మనకు చేయి దురద పెడుతుంది. కానీ ఆ మాట ఏ ఇంటినీ మంటల నుంచి కాపాడలేదు. చెప్పగలిగింది ఇంతే: రెండు జనాలూ ఎంతకాలం, ఎంత దగ్గరగా బతికారో చట్టం కంటే ఆ పిలుపు నిజాయితీగా చెబుతుంది.

పరాయివాళ్లకు వరస కలపడం

తెలియని ఆడమనిషిని మనం అక్కా, అమ్మా, చెల్లీ అంటాం. మరదలా అనం. అంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. పైన చెప్పిన రెండు సెట్లలో పెళ్లి కుదరని సెట్ నుంచే పరాయి ఆడవాళ్లకు పిలుపు ఏరుకుంటాం. ఇది పాత నియమమే. మనుస్మృతి రెండో అధ్యాయంలో చుట్టరికం లేని పరస్త్రీని భవతి అనో, సుభగ అనో, భగిని అనో పిలవాలని ఉంది. 1893లో చికాగోలో వివేకానందుడు అమెరికన్లను సోదరీ సోదరులన్నప్పుడు వాళ్లకది వింతగా తోచి ఉండొచ్చు. మన రేవుల్లో, సంతల్లో అది రోజువారీ మర్యాద.

కానీ ఆ మర్యాద ఒక్క తీరుగా లేదు. గుజరాత్‌లో పేరు చివర భాయ్, బెన్ దాదాపు పేరులో భాగమే. బెంగాలీ హిందువులు దాదా, దీదీ అంటే ముస్లింలు భాయ్, ఆపా అంటారు. కేరళలో అన్నను చేట్టన్ అంటే ఒక ఇల్లు, ఇక్కా అంటే ఇంకో ఇల్లు. అన్న అని పిలవడంతోనే పిలిచేవాడి మతం తెలిసిపోతుంది.

మనలో మనకే ఎన్ని తేడాలు! గోదావరి జిల్లాల్లో ప్రతి వాక్యానికీ అండీ, ఒప్పుకోలుకు ఆయ్. సీమలో ఏమప్పా, అబ్బీ. తెలంగాణలో అన్నా, తమ్మీ, కాకా, హైదరాబాద్ పాతబస్తీకి వస్తే మియా, భాయ్. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లను కూడా నువ్వు అనడం సహజం, దాంట్లో గౌరవం తగ్గేదేమీ లేదు. మీరు అలవాటైన కోస్తా చెవికి అది మొరటుగా వినిపించింది. ఆ మొరటుతనం ముద్ర వేసి, సినిమాల్లో ఆ యాసను రౌడీలకూ పనివాళ్లకూ ఇచ్చారన్న బాధ తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలతో పాటు వినిపించిన మాట. ఎస్సేలో రాష్ట్రాల పునర్విభజన వస్తే ఈ కోణం మర్చిపోవద్దు.

వరస దక్కనివాళ్లు

ఊళ్లో రైతూ కుమ్మరీ చాకలీ మంగలీ ఒకరినొకరు మామా, బాబాయ్ అని వరసలు కలుపుకున్న కాలంలోనే, ఊరి చివరి పల్లెలో ఉండే అరవై ఏళ్ల మనిషిని పదేళ్ల కామందు కొడుకు ఒరేయ్ అని పిలిచేవాడు. నా దృష్టిలో పిలుపుల చరిత్రకు అసలు గుండె ఇక్కడుంది. వరసలు ఎంత దూరం వెళ్లాయన్నది సగం ప్రశ్న. అవి ఎక్కడ ఆగిపోయాయన్నది మిగతా సగం.

ఈ గీతను అందరికంటే కఠినంగా గీసింది కేరళ. శామ్యూల్ మటీర్ అనే మిషనరీ తిరువాన్కూరు గురించి 1871లో రాసిన పుస్తకంలో, బానిస కులాల వాళ్లు తమను తాము నేను అనకూడదని నమోదు చేశాడు. అడియన్ అనాలి, అంటే మీ దాసుణ్ణి. తినే అన్నాన్ని అన్నం అనకూడదు, మురికి గంజి అనాలి. సొంత పిల్లల్ని పిల్లలు అనకుండా కోతులనో దూడలనో చెప్పుకోవాలి. 1887 మలబార్ మాన్యువల్‌లో విలియం లోగన్ ఇళ్లకున్న పేర్లు వరసగా రాశాడు. పొలం పని చేసే చెరుమర్‌ది చాళ, కంసాలిదీ కల్లుగీసేవాడిదీ పుర లేదా కుడి, నాయర్‌ది వీడు, రాజుది కోవిలకం, నంబూద్రిది ఇల్లం. నాలుగు గోడలూ కప్పూ ఉన్న ఒకే వస్తువు, ఉండేవాడి కులాన్ని బట్టి పేరు మారుతుంది. ఇక్కడ వ్యాకరణమే పోలీసు పని చేసింది. ఎదుటివాణ్ణి పైకెత్తే మాట చాలలేదు, తన్ను తాను తగ్గించుకునే మాట కూడా తప్పనిసరి చేశారు.

మన నిజాం తెలంగాణలో దీనికి సమానమైన మాట అందరికీ తెలిసిందే: నీ బాంచెన్ దొరా, కాల్మొక్త. నీ బానిసను, నీ కాళ్లు మొక్కుతా అని. వెట్టిచాకిరీని మనం భూమి లెక్కలతో, లెవీ ధాన్యంతో చదువుతాం. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటాన్ని పంచిన భూముల ఎకరాలతో కొలుస్తాం. కానీ ఆ మాట అనాల్సిన అవసరం లేకుండా పోవడం కూడా ఒక ఆస్తి పంపకమే. సంఘం ఊళ్లోకి వచ్చాక గడీ ముందు నుంచి చెప్పులేసుకుని, తలెత్తుకుని నడవడం గురించి పాతతరం వాళ్లు భూమి గురించి చెప్పినంత గట్టిగానే చెబుతారు.

పేరు మార్చుకోవడం ఈ పోరాటంలో ఇంకో దారి. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచములు అన్న పేరు కాదని ఆది ఆంధ్రులు అన్న పేరు ఎంచుకున్నారు. 1922లో ఎం.సి. రాజా చొరవతో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను ఒప్పుకుంది. గాంధీ ఇచ్చిన హరిజన అన్న పేరును అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఎంత మంచి మనసుతో ఇచ్చినా అది ఇంకొకరు పెట్టిన పేరు. మనకు పేరు మేమే పెట్టుకుంటాం అన్నది అక్కడి అసలు విషయం.

తమిళనాడు ఇంకో మెట్టు ఎక్కింది. 1929 చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ పేర్ల చివర కులం తోకలు తీసేయమంది. పెరియార్ తన నాయకర్ తీసేశాడు. ఇవాళ తమిళుడి పేరు ముందు ఇంటిపేరు బదులు తండ్రి పేరు పొడి అక్షరం ఉండి, వెనక కులం లేకపోవడం అక్కడ మామూలు. అక్కడి రాజకీయాల్లో అతి పెద్ద పదవి అన్న. అన్నాదురై పార్టీ వాళ్లకు తంబికి అని లేఖలు రాసేవాడు, తమ్ముడికి అని అర్థం. ఆయన ప్రభుత్వం శ్రీ, శ్రీమతి బదులు తిరు, తిరుమతి తెచ్చింది. తర్వాత ఎన్టీఆర్ అన్న అయ్యాడు, జయలలిత అమ్మ, మమత దీదీ, మాయావతి బెహన్‌జీ. నాయకుణ్ణి చుట్టాన్ని చేసుకుంటే దగ్గరతనం వస్తుంది. ఇంటి పెద్దను లెక్క అడగడం మాత్రం కష్టమవుతుంది.

పడిపోయిన మాటలు

పిలుపులు కిందికి జారడం కూడా మనకు కొత్త కాదు. అశోకుడి శాసనాల్లో దేవానాంప్రియ అంటే దేవతలకు ఇష్టుడు, చక్రవర్తి బిరుదు. తర్వాతి సంస్కృత వ్యాకరణంలో అదే మాటకు మూర్ఖుడు అన్న అర్థం స్థిరపడింది. బెంగాల్‌లో బాబు అనేది గౌరవ పదం. ఇంగ్లీషు దొరల నోట్లో పడి వెక్కిరింత అయింది, ఇప్పుడు గవర్నమెంట్ ఉద్యోగిని ఎత్తిపొడిచే మాట. ఆ ఉద్యోగం కోసమే మనమంతా కూర్చుని చదువుతున్నాం.

అన్నిటికంటే నొప్పి కలిగించేది భయ్యా. అన్న అన్న తియ్యటి మాట ముంబైలో యూపీ, బీహార్ వలస కూలీని దులిపేసే మాటగా మారింది. మనవాళ్లకు మద్రాసీ అన్న ముద్ర ఎలాగో వాళ్లకిది అలాగ. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నీడో తానియా ఒక వెక్కిరింతతో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. తర్వాత వేసిన బెజ్‌బారువా కమిటీ ఈశాన్య రాష్ట్రాల వాళ్లను జాతి పేరుతో అవమానించడాన్ని నేరంగా చేస్తూ శిక్షాస్మృతిలో కొత్త సెక్షన్లు చేర్చాలని సిఫారసు చేసింది.

రాజ్యాంగంలో పిలుపులు

అధికరణ 17, 18 పక్కపక్కన ఉండటం గమనించారా? ఒకటి అంటరానితనాన్ని తీసేసింది, రెండోది బిరుదుల్ని తీసేసింది. కింద ఉన్న గీతనూ పైన ఉన్న గీతనూ ఒకే చోట చెరిపే ప్రయత్నంగా నేను వీటిని కలిపి చదువుతాను. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదనీ బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మన సినిమా పోస్టర్ల మీద అవి కనిపించిన సందర్భాలు ఉన్నాయి, కోర్టు దాకా వెళ్లాయి.

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉద్దేశపూర్వక అవమానాన్ని నేరం చేసింది. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఆర్) అవమానం గురించి, 3(1)(ఎస్) కులం పేరుతో తిట్టడం గురించి చెబుతాయి. రెండింటిలోనూ నలుగురికీ కనిపించే చోట అన్న షరతు ఉంది. 2020 హితేష్ వర్మ తీర్పు ఆ షరతును పట్టుకునే, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్నమాట ఆ సెక్షన్ కిందికి రాదని చెప్పింది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. కానీ ఒరేయ్ అన్న పిలుపు నాలుగు గోడల మధ్య తక్కువ తగులుతుందా? ఈ ప్రశ్నను ఎథిక్స్ పేపర్ వైపు నుంచి కూడా ఆలోచించండి.

జడ్జీలను మై లార్డ్ అని పిలవడం తప్పనిసరి కాదని 2014లో సుప్రీంకోర్టే అంది. గౌరవంగా పిలిస్తే చాలన్నారు. కోర్టు హాళ్లలో ఇంకా మై లార్డే వినిపిస్తుంది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ మహామహిమ్ అన్న సంబోధన మానమన్నారు.

పై అధికారుల్ని ఏమని పిలవాలో ఇన్ని ఉత్తర్వులు, తీర్పులు వచ్చాయి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పట్టుకుని నిలబడ్డ ముసలాయన కాగితం మీద ‘అయ్యా’ అని మొదలుపెట్టి, చివర ‘తమ విధేయుడు’ అని రాయించుకొస్తాడు. టేబుల్ ఇవతల కూర్చున్న మనిషి ఆయన్ని నువ్వు అనాలా, మీరు అనాలా అన్నదాని మీద మాత్రం ఏ మాన్యువల్‌లోనూ నాకు ఒక్క లైన్ కనిపించలేదు.